కాలువ కొస

తాను చేసిన పంపకంలో తప్పెక్కడ ఉన్నదో హేరంబునికి ఎంత వెదకినా కనిపించలేదు. తప్పు లేని పంపకం ఒక పెద్దామె చేత తోటను ఎందుకు విడిచిపెట్టిస్తున్నదో అంతకన్నా తెలియలేదు.

ఆ ఉదయం ఓబులమ్మ ఎప్పటివలెనే మఠానికి తమలపాకులు తెచ్చినది. కట్టను అతని చేతిలో పెట్టి, "ఇదే ఆఖరి కట్ట, చిన్నసామీ. రేపట్నుంచి దేవునికి ఆకులు ఇంకెవర్నన్నా తెమ్మని చెప్పుకోండి" అన్నది. ఆమె ముఖంలో కోపం లేదు. కోపముండినయెడల అతనికి అంత బాధ కలిగియుండేది కాదు.

కేవలానందస్వామివారి మఠం కొండ దిగువన ఉన్నది. దాని ప్రక్కనే గుండ్లకాలువ పారుతుంది. కొండమీది ఊటనీరు ఆ కాలువలో దిగి, ఒకదాని వెంట ఒకటిగా అయిదు ఆకుతోటలను తడిపి, చివరకు వంకలో కలుస్తుంది. మొదటి నాలుగు తోటలు పళ్ళెం వంటి పల్లంలో ఉన్నాయి. నాల్గవ తోట దాటగానే ఒక మెరక అడ్డం వస్తుంది. పూర్వులు ఆ మెరకను నిలువులోతున కోసి కాలువను అవతలికి దాటించారు. కోతకు అవతల ఉన్న ఒకే ఒక తోట ఓబులమ్మది. ఆమె తోట దాటితే వంక.

ఏటేటా వానలకు ముందు కాలువలో పూడిక తీయవలె. ఆ పనికి ఒక పద్ధతి ఉండేది. అయిదు తోటలవారూ పారలు భుజాన వేసికొని ముందుగా వంక ఒడ్డుకు పోయేవారు. కాలువ కొసన మొదలుపెట్టి ఎగువకు తవ్వుకొంటూ వచ్చేవారు. కోత దగ్గరకు వచ్చేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చేది. అక్కడ ఓబులమ్మ మజ్జిగ పోసేది. త్రాగి, మూతులు తుడుచుకొని, మరల పార పట్టేవారు. కొండ అంచు చేరేదాకా ఎవరూ ఇల్లు చేరకూడదు.

కొసనుండియే ఎందుకు మొదలుపెట్టవలెనని ఎవరూ అడగలేదు. పెద్దలు అట్లా చేశారు గనుక వీరూ అట్లాగే చేశారు.

తరువాత కొన్నేండ్లు వరుసగా వానలు ముఖం చాటేశాయి. కాలువలో ఊటనీరు దారమంత సన్నగా పారేది. ఎవరి తోటకు తెరిచిన మడవలోనికి ఎంత నీరు తిరిగినదో ఒకరినొకరు కనిపెట్టి చూచుకొనే కాలం వచ్చినది. ఆ కాలంలోనే మొదటి తోట యజమాని బసివిరెడ్డికి ఒక ఆలోచన పుట్టినది. తన తోట కొండకు ఆనుకొని ఉన్నది. తన మడవ దాటిపోయిన నీటిని తాను కంటితో చూడడు, చేతితో తాకడు. ఆ నీరు పారే దారిని తానెందుకు తవ్వవలె?

ఈ మాట అతడు పదిమందిలో అన్నాడు. నడితోట సుంకన్న ఊరుకోలేదు. "నీ పార మొద్దుబారిందేమో గానీ రెడ్డీ, నాలుక మాత్రం నిన్ననే సాన పట్టించినట్టుండావు" అన్నాడు. నలుగురు నవ్వారు. నవ్వు కొంతసేపటికి తగవైనది. తగవు మఠం గడప త్రొక్కినది.

స్వామివారు అందరి మాటా విన్నారు. విని, ప్రక్కన నిలుచున్న హేరంబునివైపు చూచి, "నీవు గణితం చదివినవాడవు. పంచి చూపు" అన్నారు.

హేరంబుడు పట్టణంలోని పాఠశాలలో గణితం అభ్యసించి, ఆ పిమ్మట మఠంలో చేరినవాడు. వచ్చిన నాటినుండి అతనికి కట్టెలు మోయుట, పాత్రలు తోముట, ఆకులు అందుకొనుట తప్ప వేరే పని దొరకలేదు. తన చదువు ఈ కొండ క్రింద ఎవరికీ అక్కరలేదేమో అని లోలోపల దిగులు పడుతూ ఉండేవాడు. గురువుగారి నోట ఆ మాట వినగానే అతని మనస్సు పొంగినది.

మఠం నడుమ ఒక మండువా ఉన్నది. చుట్టూ మెట్లు, నడుమ పల్లం. అందులో పడిన నీరు ఒక మూలనున్న తూములో దిగి, గోడ క్రిందుగా పోయి, పెరటిలోని అరటిచెట్లకు పారుతుంది. హేరంబుడు ఆ మండువాలో ఇసుక పరచి కాలువను గీశాడు. అయిదు తోటలకు అయిదు గళ్ళు గీయబోగా అయిదవదానికి చోటు చాలలేదు. దానిని మెట్టుమీద గీశాడు.

పిమ్మట న్యాయం చెప్పాడు. ఎవరి నీరు ఏ మేరలో పారుతుందో ఆ మేరకు వారే బాధ్యులు. కొండనుండి మొదటి మడవ వరకు అయిదుగురి నీరూ పారుతుంది గనుక ఆ మేరను అయిదుగురూ తవ్వవలె. అది దాటిన మేరలో బసివిరెడ్డి నీరు లేదు గనుక దానిని తక్కిన నలుగురూ తవ్వవలె. ఆ తరువాతది ముగ్గురు, ఆ తరువాతది ఇద్దరు. కోతలోనూ, కోతకు అవతలా పారేది ఓబులమ్మ నీరొక్కటే.

బసివిరెడ్డి ముఖం వికసించినది. నడిమి తోటలవారు గీతల చుట్టూ తిరిగి చూచారు. ఎక్కడా వంక పెట్టుటకు వీలు చిక్కలేదు. సుంకన్న కూడ తల గోక్కొని ఊరుకొన్నాడు.

ఓబులమ్మ మెట్టుమీది గడిని చాలాసేపు చూచినది. "గీతలు ముగ్గేసినట్టు చక్కంగా ఉండాయి చిన్నసామీ. ఆఖరి గీత మీద మాత్రం నేనొక్కదాన్నే నిలబడుండాను" అన్నది.

స్వామివారు కన్నులు మూసికొని ఉన్నారు. హేరంబుడు ఆ గీతలు చెరగిపోకుండా చుట్టూ గులకరాళ్ళు పేర్చుకొన్నాడు.

పూడిక తీసే నాడు ఎవరి మేరకు వారు పోయారు. బసివిరెడ్డి ప్రొద్దు నడినెత్తికి రాకముందే పార కడుగుకొని ఇల్లు చేరాడు. నడిమివారు సాయంకాలానికి ముగించారు. కోతలో ఓబులమ్మ, ఆమె చెల్లెలు సుబ్బక్క మిగిలారు. ఇద్దరికీ తలలు నెరసినవి. ఒకతె నిలువులోతు గుంటలో దిగి మన్ను గంపకెత్తవలె, మరొకతె దానిని గట్టుమీదికి లాగవలె. లాగిన మన్నులో సగం జారి మరల గుంటలోనే పడేది. కొన్నాళ్ళు అట్లా పెనుగులాడి, చివరకు సుబ్బక్క నడుము పట్టుకొని మంచమెక్కినది. ఓబులమ్మ పార మూలకు చేర్చినది.

ఆ మరునాటి ఉదయమే ఆమె ఆఖరి కట్ట తెచ్చినది.

హేరంబుడు ఆమె వెంట కాలువ గట్టుదాకా నడిచాడు. తోటను ఏమి చేయబోతున్నదని అడిగాడు. తీగలు దించేసి, చేతికందిన ఆకు అమ్ముకొని, మరిది ఇంటికి పోతానన్నది. పెండ్లయి వచ్చిన నాటినుండి ఆ తోట తప్ప ఆమెకు వేరే లోకం లేదని అతనికి తెలుసు. "నేను పోయి తక్కినవారితో మాటలాడుతాను, వారూ మంచివారే, దయతలచి ఒకనాడు వచ్చి తవ్విపోతారు" అన్నాడు.

ఓబులమ్మ నిలిచినది.

"నిన్నటిదాకా వాటాగా వచ్చిన దాన్ని రేపట్నుంచి దానంగా పట్టమంటావా నాయనా? దయతో తవ్వించుకుంటే, ఏటేటా దయ అడుక్కోవాల. నీ లెక్క తప్పని నేననలేదు. నా చేతులు చాలలేదు, అంతే."

ఆమె వెళ్ళిపోయినది. హేరంబుడు తిరిగివచ్చి గురువుగారి ఎదుట కూర్చున్నాడు. కాలువ మేరలను మరల వల్లించాడు. మొదటినుండి చివరిదాకా, ఓబులమ్మ అన్న మాటతో సహా చెప్పి, "ఇందులో తప్పున్నదా, గురుదేవా?" అని అడిగాడు.

"లెక్కలో తప్పు లేదు" అన్నారు స్వామివారు.

"అయితే న్యాయం ఒకటి, దయ ఒకటి అనుకోవలెనా? న్యాయాన్ని ప్రక్కకు నెట్టి దయ చూపవలెనా?"

"ఆమె దయ వద్దన్నదని నీవే చెప్పితివి."

స్వామివారు లేస్తూ, "సంతర్పణ గంగాళాలు అట్లాగే పడియున్నవి. రేపు ఉదయం అవి తోమి, మండువా కడుగు" అన్నారు.

మరునాడు హేరంబుడు పంచె ఎగగట్టి గంగాళాలు మండువాలోనికి దొర్లించాడు. బావినుండి కడవలతో నీళ్ళు తోడి కుమ్మరించాడు. బూడిద, చింతపండు వేసి తోమాడు. మనస్సు మాత్రం కాలువ గట్టుమీదనే ఉన్నది. మొదటి మేర, రెండవ మేర అని లోపల ఎంచుకొంటూ తోముతుండగా పాదాలకు చల్లగా తగిలినది.

క్రిందికి చూచాడు. తోమిన నీరు పోలేదు. అతని చీలమండల చుట్టూ నిలిచినది. బూడిదతేట, మెతుకులు, చింతపండు పిప్పి అన్నీ తేలుతున్నవి. తూము మూలకు పోయి పుల్లతో కెలికాడు. ఈ వైపున అడ్డమేమీ లేదు. నీరు దిగుటకు బదులు బుడబుడమని పైకి ఉబికినది.

వెనుదిరిగేసరికి నీరు గులకరాళ్ళను దాటి ఇసుకలోనికి చొచ్చినది. కొండకు ఆనుకొని తాను గీసిన మొదటి గడి కరిగినది. బసివిరెడ్డి తోట ఎక్కడ ఉండినదో తెలియలేదు. తరువాత రెండవది, మూడవది. సుంకన్న తోట ఒక నిమిషం దీవివలె నిలిచి, కూలిపోయినది. నాల్గవది కూడ పోయినది.

మెట్టుమీద గీసిన అయిదవ గడి మాత్రం తడవకుండ మిగిలినది.

హేరంబుడు తడి పంచెతోనే గోడ చుట్టి పెరటిలోనికి పరుగెత్తాడు. అరటిచెట్ల నడుమ స్వామివారు గొంతుకూర్చుని ఉన్నారు. వారి చేతులకు బంకమన్ను అంటియున్నది. తూము కొసను పిడికెడు మన్నుతో మూసి, పైన అరచేతితో చదును చేసియున్నారు.

"గురుదేవా, ఇది మూయగా లోపల..." అని అతడు ఆగిపోయాడు.

స్వామివారు తల ఎత్తారు. "ఈ కొస అరటిచెట్లది గదా, హేరంబా. నీవు గంగాళాలు తోమేది అటువైపు."

హేరంబుడు చాలాసేపు ఆ మంటిముద్దను చూచాడు. పిమ్మట మోకాళ్ళమీద కూర్చుని దానిని పెకలించాడు. ఆగిన నీరు ఒక్కసారిగా ఎగదన్ని అతని ఒడిని తడిపి, అరటిపాదులలోనికి పరచుకొన్నది. లోపల మండువా ఖాళీ అవుతున్న చప్పుడు గోడ ఇవతలికి వినిపించినది.

అతడు మఠం పార తీసికొని కాలువ గట్టున దిగువకు నడిచాడు.

కొండమీద ఈశాన్యమూలగా మబ్బు పట్టినది. చాలా ఏండ్ల తరువాత అంత నల్లని మబ్బు. ఓబులమ్మ తోటలో కొడవలి పట్టుకొని, అవిసెచెట్లకు ప్రాకిన తీగలను ఎక్కడ కోయుట మొదలుపెట్టవలెనో తేల్చుకోలేక నిలిచి ఉన్నది. హేరంబుడు ఆమె ముందునుండే పోయి, వంక ఒడ్డున, పూర్వం అందరూ మొదలుపెట్టే చోట పార వేశాడు.

ఆమె కొంతసేపు చూచినది. "పార అట్లా పట్టుకుంటే రెండు గంపలకే అరచేతుల్లో బొబ్బలు లేస్తాయి చిన్నసామీ" అన్నది.

"లేవనీ" అన్నాడు అతడు.

నిజంగానే లేచాయి. అయినా తవ్వుతూ ఎగువకు జరిగి కోతలో దిగాడు. మఠం అయ్యవారు కోతలో మన్నెత్తుతున్నారన్న వార్త తోటలన్నిటికీ ప్రాకినది. మొదట సుంకన్న వచ్చాడు. అతని వెనుక బసివిరెడ్డి వచ్చి, గట్టుమీద నడుము మీద చేతులు పెట్టుకొని నిలుచున్నాడు.

"ఏమి అయ్యవారూ, లెక్క మాకు, పార మీకా?" అన్నాడు.

హేరంబుడు నుదుటి చెమట తుడుచుకొని తల ఎత్తాడు. "రెడ్డిగారూ, పెద్దవాన కురిస్తే మీ తోటలో పడిన నీరు ఎటు పోతుంది?"

"యాడికి పోతాది, కాలువలోకి."

"కాలువలోనుండి?"

బసివిరెడ్డి చూపు కోతలో సగందాకా పేరుకొన్న మంటిమీద పడినది. అక్కడినుండి మెల్లగా వెనుకకు తిరిగి, మెరకకు ఈవల పల్లంలో ఒదిగియున్న నాలుగు తోటలమీదుగా పోయి, కొండమీది మబ్బు దగ్గర ఆగినది.

సుంకన్న గట్టుమీద చతికిలబడ్డాడు. తన తండ్రి కాలంలో ఒకసారి కోత గట్టు విరిగిపడినదని, నీరు ఒక్క రాత్రి తోటల్లో నిలిచినదని, తెల్లవారేసరికి తీగలు పచ్చగానే ఉన్నా నాలుగునాళ్ళలో వేళ్ళు కుళ్ళి అన్నీ వ్రాలిపోయినవని నెమ్మదిగా చెప్పాడు. తాను అప్పుడు పిల్లవాడట. తండ్రి ఏడ్చుట అదొక్కసారే చూచినాడట. "వానలు లేక అదీ మర్చిపోతిమే" అన్నాడు.

కోతలోనికి చల్లని గాలి దిగినది.

బసివిరెడ్డి గొంతు సవరించుకొన్నాడు. అతడు చెడ్డవాడు కాడు. అంతమంది ఎదుట అన్న మాటను అంతమంది ఎదుట మ్రింగుట ఎవరికైనా కష్టమే. "అట్లయితే పంపకం మళ్ళా చెయ్యండి. పొయ్యే నీళ్ళకు ఈ మేరలో నా వాటా ఎంతో తేల్చండి, తవ్వుతా" అన్నాడు.

అందరూ హేరంబునివైపు చూచారు. అతని మనస్సులో లెక్క అప్పుడే కదలినది. వచ్చే నీరు ఒక వరుస, పోయే నీరు తలక్రిందుగా మరొక వరుస. రెండూ కలిపితే మొదటివాడు, కడపటివాడు... అది ఎంత చక్కగా కుదురుతున్నదో అతనికి కనిపిస్తూనే ఉన్నది. చెప్పుటకు నోరు తెరిచాడు.

మరల మూశాడు. పార ఎత్తి ఒక ప్రక్కకు జరిగాడు.

"ఇక్కడ మరొక పారకు చోటున్నది, రెడ్డిగారూ" అన్నాడు.

బసివిరెడ్డి ఆ చోటును చూచాడు. చెప్పులు విడిచాడు. గట్టుమీదినుండి జారి, ధోవతి పైకి చెక్కుకొని, సుంకన్న అందించిన పారతో అతని ప్రక్కన నిలుచున్నాడు. సుంకన్న తక్కిన ఇద్దరినీ కేక వేయుటకు పోయాడు.

ఓబులమ్మ కొడవలిని అవిసె కొమ్మకు తగిలించినది. తరువాత ఎవరికీ చెప్పకుండా మజ్జిగ కడవ తెచ్చుటకు ఇంటిలోనికి పోయినది.

మరునాటి ఉదయం మఠం గడప దగ్గర తమలపాకుల కట్టతో ఆమె మామూలుగానే నిలుచున్నది. లోపలినుండి స్వామివారు చూచి, "నిన్నమొన్న ఆఖరి కట్ట ఇచ్చినట్లు విన్నామే, ఓబులమ్మా" అన్నారు.

"ఇచ్చినాను సామీ. ఏ ఏటికి ఆఖరిదో చెప్పలేదు గదా" అన్నది ఆమె. అని, హేరంబుని చేతులవైపు చూచి, ఆకులను అతని అరచేతిలో కాక మణికట్టుమీద మెల్లగా ఆనించినది. అరచేతులనిండా బొబ్బలు.

అతడు ఆకులను దేవుని ముందు పెట్టాడు. బావికి పోయి మొదటి కడవ తోడుకొన్నాడు. మండువాలో కుమ్మరించబోయి ఆగి, కడవను మెట్టుమీద దించి, గోడ చుట్టి పెరటిలోనికి నడిచాడు. అరటిచెట్ల నడుమ వంగి, తూము కొసన అడ్డమేమైనా ఉన్నదేమో అని వ్రేళ్ళతో తడిమి చూచాడు.